బారువలో వెనక పిలుపు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని నేను మొహం మీదే వెక్కిరించేవాణ్ణి. పలాసలో నాది టైర్ల షాపు. రోడ్డు మీద తెల్లచీర కనబడిందని లారీ డ్రైవర్లు చెబితే, ముందు మందు మానమనేవాణ్ణి. ఇప్పటికీ నాకు నమ్మకం లేదు. ఈ ఒక్క సంగతి మాత్రం నా చెవులతో విన్నాను.

మా అక్కని కవిటి ఇచ్చాం. బావకి కొబ్బరితోట ఉంది. రెండువేల నాలుగు ప్రాంతంలో ఆయన కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానం పల్లెల్లో అదేం వింత కాదు, ఆయన తల్లీ ఆ జబ్బుతోనే పోయింది. రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని విశాఖ డాక్టరు కొలత పెట్టాడు. కొబ్బరినీళ్ళు అసలే వద్దన్నాడు. తోటనిండా కాయలు పెట్టుకుని మనిషి ఎండిన పెదాలతో తిరిగేవాడు.

వచ్చే నెల నుంచి డయాలసిస్ అన్నారు. ఈలోగా ఒక్కరోజు సముద్రంలో ఆడాలని బావకి కోరిక పుట్టింది. గోవాలో పడవ వెనక తాడు కట్టుకుని మనుషులు నీళ్ళ మీద జారడం టీవీలో చూశాడు.

"తాగడానికి ఎలాగూ వొద్దన్నారు. ఆడుకోడానికైనా ఒగ్గీండి" అన్నాడు.

గోవా మా తాహతుకి మించిన మాట. అందుకని నేనే ప్లాను వేశాను. గోవా బదులు మా దగ్గరి బారువ తీరం, స్పీడు బోటు బదులు చేపల పడవ, నా షాపులోంచి లారీ ట్యూబు, నైలాన్ తాడు, అక్క కలిపిన పులిహోర. డీజిలు పోయిస్తే చాలని అక్కడ ఒక పడవాయన ఒప్పుకున్నాడు. డాక్టరు కూడా సరేనన్నాడు. అక్కని ఒప్పించేసరికి మాత్రం తాతలు దిగొచ్చారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు కదా.

బావ, పడవకి తాడుతో కట్టిన ట్యూబులో దూరి మోకాలి లోతుకి దిగాడు. ఆయన అలా నవ్వగా చూసి చాలాకాలమైంది. పడవాయన ఇంజను వెయ్యబోతున్నాడు. అప్పుడు వెనకనుంచి ఒక ఆడగొంతు పిలిచింది.

"ఒరే కొబ్బరయ్యా, ఆగరా."

తోటలో కాయలు దింపుతుండగా పుట్టాడని బావకి తల్లి పెట్టుకున్న ముద్దుపేరు అది. ఆవిడ పోయాక ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. నాకు స్పష్టంగా వినబడింది. అక్క కూడా విని, గిన్నె ఇసకలో పెట్టేసి వెనక్కి తిరిగింది. అక్కడ ఎండబెట్టిన చేపలు, మా చెప్పులు తప్ప మనిషి లేదు.

పడవాయన ఇంజను మీంచి చెయ్యి తీసేశాడు. "ఎనకనుంచి పిలుపొచ్చింది బావూ. కూకొని గుక్కెడు నీళ్లు తాగి ఎల్లాల" అన్నాడు.

అది మా ఇళ్ళన్నిటా ఉన్న ఆచారమే. బావ వచ్చి ఇసకలో కూర్చున్నాడు. కానీ దారిలో దాహమేసి, ఆ రోజు కొలత అప్పటికే తాగేశాడు. ఒక్క గుక్క ఇమ్మని బతిమాలాడు.

"ఇవ్వను. కాళ్లు సూసుకో, ఎలా వాసిపోనాయో" అని అక్క సీసా చెంగులో చుట్టేసింది.

తాగకపోతే ఆయన్ని లాగనని పడవాయన. అంత సముద్రం ఎదురుగా పెట్టుకుని గుక్కెడు నీళ్ళకి పేచీ. నాకు విసుగొచ్చి, ఖాళీ ట్యూబుతోనే ఒక చుట్టు తిప్పమన్నాను.

అలల దగ్గర పడవ అడ్డం తిరిగింది. తాడు ఇంజను రెక్కలకి చుట్టుకుని ట్యూబుని కిందికి లాగేసింది. లారీ బరువు మోసిన ట్యూబు పేలికలై తేలింది.

తర్వాత చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి అడిగాను. ఆ వేళప్పుడు ఎవరూ ఒడ్డుకి రాలేదన్నారు. వాళ్ళకి బావ ఎవరో కూడా తెలీదు.

తల్లే కాపాడిందని ఊరంతా అన్నారు. అక్క గంగమ్మకి చీర పెట్టింది. ఆ తర్వాత వారం వారం రైల్లో విశాఖ, చేతినిండా సూదిపోట్లు, తీరని దాహం. ఏడాది తిరక్కుండానే బావ మంచం పట్టాడు. నేను ఆఖరిసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు అక్క తడిగుడ్డతో ఆయన పెదాలు తుడుస్తోంది. బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆవేళ అమ్మ ఎల్లొద్దని పిలిసింది కదరా. ఇప్పుడు రమ్మని పిలవదేటి?"

ఆ గొంతు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ తల్లిదే అయితే మాత్రం ఆవిడ మీద నాకు కోపం ఉంది. ఇంత దాహానికా కొడుకుని వెనక్కి పిలుచుకుంది?