జీలుగు కల్లు తాగినవాడికి ఆఖరి కోరిక

నిక్షేపంగా ఉన్న మనిషి చెయ్యి పట్టుకుని "నీకిక రోజులు దగ్గరపడ్డాయి" అని చెప్పిన నర్సు ఎక్కడైనా ఉందా అంటే, ఉంది. ఈ ముక్కలు రాస్తున్నది ఆవిడే.

చావుకు దగ్గరైనవాళ్ళకు చేసే సేవ మీద విశాఖలో ట్రైనింగ్ పొంది, జి.మాడుగుల పైన కొండల్లో ఒక సబ్‌సెంటర్‌కు వచ్చాను. రోగి పక్కన కూర్చోవాలి, చెయ్యి పట్టుకోవాలి, నిజం చెప్పాలి, మిషన్ల మీద బతకడం వద్దనుకుంటే ఆ హక్కు తనదేనని చెప్పాలి, తర్వాత నోరు మూసుకోవాలి. చివరిది తప్ప అన్నీ నాకు ఇట్టే వచ్చేశాయి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త నర్సు పేషెంటునే ఎరగదు.

మొదటి కేసు లచ్చన్న. కడుపులో కాన్సర్, ఇక వైద్యం లేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు. కొడుకు బిసు మాత్రం మర్నాడే జీపు కట్టించి మళ్ళీ విశాఖ తీసుకుపోతానంటున్నాడు. ముసలాయనకేం కావాలో ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగే పని నాది.

వెళ్ళేసరికి వాకిట్లో ఎండలో మంచం, రెండు రగ్గుల కింద ఒక మూలుగు. మాది సాలూరు. మా ఊళ్ళో పట్టపగలు ముసుగుతన్ని మూలిగితే అది రోగమే. చలికాలంలో, జీలుగు కల్లు తాగిన మర్నాడు కొండమీద ఇది మామూలేనని ట్రైనింగులో ఎవరూ చెప్పలేదండీ!

"తాతా, ఎలా ఉంది?"

"తల పగిలిపోతంది గుంటా."

రగ్గు కింద చెయ్యి వెతికి పట్టుకున్నాను. "భయపడకు. ఇక మందులు పనిచెయ్యవు. రోజులు దగ్గరపడ్డాయి."

రగ్గు ఎగిరిపడింది. "ఏటీ! నాను పోతన్నానా?"

బహు గంభీరంగా తల ఊపాను.

"రెండు ముంతలకేనా?"

"కారణాలు వెతక్కు తాతా. పెద్దాసుపత్రిలో మిషన్ల మీద ఉంటావా?"

"మిషన్లా! నన్నెక్కడికీ తీసుకెల్లొద్దు. మా ఇంట్లోనే, పొయ్యి పక్కనే పోతాను. బేగి మా ఇంటిదాన్ని పిలు! నా పుంజుని కొయ్యొద్దని సెప్పు!"

ఆ కేకలకు బిసు లోపలినుంచి పరిగెత్తుకొచ్చాడు. "నర్సమ్మా, మా నాయిన లోపలున్నాడు! ఈయన మా మామ బుద్రన్న. సూడ్డానికొచ్చాడు!"

భూమి చీలితే దూరిపోదామనిపించింది. ఇంతలో లోపల పొయ్యి పక్కనుంచి దగ్గుతో కలిసిన నవ్వు వినిపించింది. మంచాన పడ్డాక నాయిన నవ్వడం ఇదే మొదటిసారని బిసు అన్నాడు.

"నా సావు కూడా నువ్వే లాక్కుంతన్నావేటి బావా?" అన్నాడు లచ్చన్న. తర్వాత నావైపు తిరిగాడు. "బావనడిగినవన్నీ నన్నూ అడుగమ్మా."

అడిగాను.

"బావ మాటే నా మాట. జీపొద్దు. ఈ నొప్పి తగ్గించు, సాలు."

బిసు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ముందే సెప్పొచ్చు గదా నాయినా?"

"నువ్వడిగినావేట్రా?"

జీపు రాలేదు. మార్ఫిన్ మాత్రలు వచ్చాయి. నొప్పి తగ్గాక లచ్చన్న రోజూ ఎండలో కూర్చుని బావను ఆటపట్టించేవాడు. అది చూసినప్పుడల్లా నాకు ఎంత సంతోషంగా ఉండేదో! కాఫీ తోటలు పూసేదాకా ఉండి, తనింట్లోనే, కొడుకు చేతుల్లో హాయిగా కన్నుమూశాడు.

పోయేముందు నన్ను దగ్గరికి పిలిచి, "నానెల్లిపోయినాక మా బావకి ఆ సావు కబురు ఇంకోపాలి సెప్పు నర్సమ్మా. కల్లు మానేత్తాడు" అన్నాడు.

ఆయన కోరికల్లో నేను తీర్చనిది అదొక్కటే. ఎందుకంటే అప్పటికే కొండదేవతల సాక్షిగా ఒట్టేసుకున్నాను: ముసుగు తీసి, ముఖం చూసి, పేరడిగి, రాత్రి ఏం తాగారో కనుక్కుంటే తప్ప, ఈ జన్మలో ఎవరికీ చావు కబురు చెప్పను!