టిఫిన్ మూత మీద గసాభా

ఆరో తరగతికి గసాభా చెప్పడమంత తలనొప్పి ఇంకొకటి లేదు. తప్పు పిల్లలది కాదు, పేరుది. గరిష్ఠ సామాన్య భాజకం! పద్దెనిమిదికీ ఇరవై నాలుగుకీ గసాభా ఎంత అంటే సగం క్లాసు డెబ్బై రెండని అరిచేది. నేను బోర్డు మీద ఆరు అని రాస్తే, వాళ్ల నోటికాడి ముద్ద లాక్కున్నట్టు చూసేవాళ్లు.

"గరిష్ఠం అంటె పెద్దది అంటిరి గద టీచర్. మరి గీ ఆరేంది?"

"పేరు గొప్ప, ఊరు దిబ్బ. గంతే, రాసుకోండి" అనేదాన్ని. ఓపిక నాకు పుట్టుకతోనే తక్కువ.

అప్పట్లో కొత్తపేటలో ఓ ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఉద్యమం జోరు మీద ఉంది. బడి ఉంటుందో, బంద్ అవుతుందో తెల్లారితే గాని తెలిసేది కాదు. బస్సులు లేని రోజు ఎల్బీనగర్ నుంచి నడిచే వెళ్లేదాన్ని. పండ్ల మార్కెట్ దాటేసరికి చీర కుచ్చిళ్లకు కూడా బత్తాయి వాసన పట్టేది.

ఆ క్లాసులో మూడో బెంచీ మీద ఇద్దరమ్మాయిలుండేవాళ్లు. ఒకమ్మాయి వాళ్లది మాలాగే పోచంపల్లి వైపు నేతపని కుటుంబం, నాన్నకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. రెండో అమ్మాయి వాళ్లది గుంటూరు, నాన్న ఆ దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఓ కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేవాడు. ఒకటో తరగతి నుంచీ ఇద్దరిదీ ఒకే బెంచీ, ఒకే పచ్చడి డబ్బా. ఆ ఏడు మాత్రం టీవీ ముందు కూర్చుని పెద్దవాళ్లు అనుకునే మాటలు బడికి మోసుకొచ్చి, ఒకరినొకరు అనేసుకుని, పలకడం మానేశారు. ఇద్దరి మధ్యా ఓ బ్యాగు నిలబెట్టారు. పొలిమేర రాయిలా అది అక్కడినుంచి కదిలేది కాదు.

తెలంగాణ కావాలని రోడ్డు మీద కూర్చుని నినాదాలిచ్చినదాన్నే నేను. రాష్ట్రం రావాలనుకున్నాను గాని, మూడో బెంచీ రెండు ముక్కలు కావాలని ఏనాడూ అనుకోలేదు. ఆ బ్యాగును చూస్తే ఒళ్లు మండేది. దానికి తోడు గుంటూరాయన ఓ రోజు స్టాఫ్ రూముకొచ్చి, "క్లాసులు సరిగ్గా జరగట్లేదండీ. దసరా వెళ్లగానే టీసీ తీసుకుని అమ్మాయిని విజయవాడలో చేర్పించేస్తాను" అన్నాడు. ఇక వాళ్లు మాట్లాడుకోవాలంటే దసరాలోపే. లేదంటే ఆ పిల్లలు పలకరించుకోకుండానే విడిపోతారు. తలుచుకుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చేది.

సెలవులిచ్చే ముందు రోజు బడిలో బతుకమ్మ. ఆడపిల్లల్ని పూలు తెమ్మన్నాను. ఆటకు ఆటా అవుతుంది, గసాభాకు గసాభా అవుతుందని నా తెలివి. రైతుబజార్‌లో కొన్నవీ, అబ్దుల్లాపూర్‌మెట్ గుట్టల్లో కోసినవీ కలిపి గునుగు ముప్ఫై ఏడు కట్టలు, తంగేడు ఇరవై నాలుగు కట్టలు తేలాయి. ముప్ఫై ఏడు మొండిఘటం, దేనికీ లొంగదు. ఒక కట్ట చప్పుడు కాకుండా నా హ్యాండ్‌బ్యాగులో దాచేశాను.

"గునుగు ముప్ఫై ఆరు, తంగేడు ఇరవై నాలుగు. ఒక్క కట్ట మిగలొద్దు. అన్నీ ఒక్కతీరుగ ఉండాలె. ఎక్కువల ఎక్కువ ఎన్ని బతుకమ్మలైతయి?"

పోచంపల్లి పిల్ల లేచింది. "పన్నెండు, టీచర్! ఒక్కోదానికి మూడు గునుగు, రెండు తంగేడు."

క్లాసులో ఆడపిల్లలు పన్నెండు మందే. "మా ఇంట్లో బతుకమ్మ చెయ్యరండీ" అని పూలు తేకుండా వచ్చిన గుంటూరు పిల్లతో కలిపి. ఆ కట్ట నేను ఊరికే దాచలేదు.

అన్ని పళ్లేలు లేక టిఫిన్ డబ్బా మూతల మీదే పేర్చారు. పేర్చాక చూశాను. మా ఊళ్లో బతుకమ్మంటే నడుమెత్తు లేవాలి, ఇద్దరు పడితే గాని కదలకూడదు. ఇవి జానెడు కూడా లేవు.

"గిది బతుకమ్మనా టీచర్, ఇడ్లీనా?" అంది పోచంపల్లి పిల్ల.

లెక్క తప్పలేదు, బతుకమ్మే తప్పింది. ఎక్కువ కావాలని పోతే చిన్నవి కాక పెద్దవెలా అవుతాయి? ఈ ముక్క ఆరో తరగతికి చెప్పే నాకే తట్టలేదు. పదకొండు మంది మూతులు ముడుచుకున్నారు. గుంటూరు పిల్ల మాత్రం తన మూతను రెండు చేతులా పట్టుకుని, ఊపిరి తగిలితే రాలిపోతుందేమో అన్నట్టు నిలబడింది.

ఆట సగంలో ఉండగా ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో అని కబురొచ్చింది. పెద్దవాళ్లు పరుగున వచ్చి ఎవరి పిల్లల్ని వాళ్లు, చేతిలో మూతలతో సహా, తీసుకుపోయారు. ఆడిన బతుకమ్మను ఆ సాయంత్రమే నీళ్లలో వదలాలి. మావాళ్లకు అది చెప్పక్కర్లేదు. చెప్పాల్సిన ఒక్కర్తీ ఎక్కిన స్కూటర్, నాకు ఆ సంగతి గుర్తొచ్చేసరికే మలుపు తిరిగిపోయింది.

పండగల్లో గుంటూరు పిల్ల తల్లి బొమ్మల కొలువు పేరంటానికి పిలిస్తే వెళ్లాను. మెట్ల మీద దశావతారాలు, పెళ్లి బృందం, ప్లాస్టిక్ క్రికెట్ జట్టు. అన్నిటికన్నా పైమెట్టు మీద, టిఫిన్ మూతతో సహా, మా ఇడ్లీ! తంగేడు వాడి నల్లబడింది గాని గునుగు ఇంకా నిక్కపొడుచుకునే ఉంది.

"మా అమ్మాయి చేసిందండీ. ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదు" అందావిడ మురిసిపోతూ.

నవ్వాలో లెంపలేసుకోవాలో తెలియలేదు. బతుకమ్మంటే గౌరమ్మే, సాగనంపాల్సిన తల్లిని ఇంట్లో ఆపేశారని మా అమ్మ చూస్తే శోకాలు పెట్టేది. చెప్పేద్దామని నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. ఇది చెప్పాల్సిన మనిషి నేను కాదు. వాయనం శనగలు కొంగున కట్టుకుని, తిన్నగా వెనక వీధిలోని పోచంపల్లి పిల్ల ఇంటికి పోయాను. చాడీలు చెబితే చెవులు మెలేసే నేనే, సావకాశంగా కూర్చుని చాడీ చెప్పాను.

"ఏందీ! ఇంట్ల పెట్టుకున్నదా?" అని ఆ పిల్ల చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికింది. నేను వెనకాలే.

బొమ్మల కొలువు ముందు నిలబడి అరిచింది. "బతుకమ్మను ఇంట్ల పెట్టుకుంటరానే? గది బొమ్మనా? నీళ్లల్ల వెయ్యాలె!"

"నాకేం తెలుసు? నువ్వు మాట్లాడితే కదా నాకు తెలిసేది!" అని గుంటూరు పిల్ల ఇంకా గట్టిగా అరిచింది.

నెలల తర్వాత మొదటి పలకరింపు, అదీ పోట్లాట. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. పోచంపల్లి పిల్ల ముక్కు ఎగబీల్చి, "పా. చెర్వుకు పోదాం" అంది.

ఆ తల్లీ నేనూ వాళ్లను ఆటోలో సరూర్‌నగర్ చెరువుకు తీసుకుపోయాం. గుంటూరు పిల్ల భక్తిగా మూతతో సహా నీళ్లలో వదిలేసింది. "మూత గాదే పిచ్చిదానా!" అని రెండోది చెయ్యి చాపేలోపే అది కాస్త దూరం తేలి మునిగిపోయింది. ఇద్దరూ గట్టు మీద కూలబడి, పొట్టలు పట్టుకుని నవ్వారు.

సెలవులయ్యాక బడి తెరిచిన రోజు, స్టాఫ్ రూము గుమ్మంలో గుంటూరాయన.

"టీసీ కోసమా అండీ?"

"టీసీ ఎక్కడిదండీ! ఇక్కణ్నుంచి కదలనని అన్నం మానేసి ఇంట్లో ధర్నాకు కూర్చుంది. ఈ ఊళ్లో నేర్చుకున్న విద్యే. సరే, ఉండనిచ్చాం" అన్నాడు. "ఇప్పుడు ఇంకో గొడవ. ఆ స్నేహితురాలితో పొద్దస్తమానం కబుర్లు, చదువు సున్నా. దయచేసి ఇద్దర్నీ విడదీసి వేరే వేరే బెంచీల్లో కూర్చోబెట్టండి."

"తప్పకుండానండీ" అని క్లాసుకు వెళ్లాను. మూడో బెంచీ మీద బ్యాగు లేదు. రెండు తలలు దగ్గరపెట్టి ఒకటే గుసగుసలు. మామూలుగా అయితే నా చేతిలో సుద్దముక్క గాల్లోకి లేవాల్సిందే. ఆ రోజు బోర్డు వైపు తిరిగి, వాళ్ల కబుర్లు అయ్యేదాకా, చాలా నెమ్మదిగా గసాభా లెక్క రాస్తూ ఉండిపోయాను.