బల్లకింద తోడేలు

నేను సూర్యాపేటలో పిల్లల మానసిక వైద్యురాలిని. మంచి చీర కట్టుకున్న రోజునే నాకు తోడేలు వేషం రాసిపెట్టి ఉంటుంది.

ఆ రోజు వచ్చినవాడు మిర్యాలగూడ వైపు మంద తోలుకుని తిరిగే గొర్రెల కాపరి. గొంగడీ కర్రా దవాఖానలో కూడా వదలడు. భార్య పోయాక తాగుడు మరిగి, ఎనిమిదేళ్ల కూతురిని వాతలు తేలేలా కొట్టాడు. అమ్మమ్మ వచ్చి పిల్లను గరిడేపల్లి తీసుకుపోయింది. అతను తాగుడు మానేసి, చాలాకాలంగా వైద్యానికి వస్తున్నాడు. నాన్న దగ్గరికి తిరిగి వెళ్తుందో లేదో పిల్ల ఇష్టానికే వదిలాం. ఆ మాట అడగాల్సింది ఆ రోజే; అమ్మమ్మ పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది.

మా వైద్యంలో ఒక ఆట ఉంది. పిల్ల చెప్పాలి, పెద్దలు చేయాలి. కసురుకోవడాలు, ఎదురు చెప్పడాలు ఉండవు.

"నాన్నా, నువ్వు పొట్టేలు. డాక్టరమ్మా, నువ్వు తోడేలు. బల్లకిందికి పో."

"నాకు మోకాళ్ల నొప్పులున్నాయే తల్లీ!" మా కోదాడ యాసలో బతిమాలాను.

"తోడేలు మాట్లాడదు."

నోరుమూసుకుని దూరాను. గొంగడి కప్పుకున్న పొట్టేలు మే మే అంటూ కుర్చీలను కుమ్ముతోంది. నేను దాని కాలు పట్టుకుని గుర్రుమన్నాను. అల్లుడి మొహం చూడనని తలుపు దగ్గర ముడుచుకు కూర్చున్న అమ్మమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తలుపు తీసిన నర్సు మమ్మల్ని చూసి మళ్లీ మూసేసింది. ఇన్నేళ్ల చదువు ఇందుకా అనుకుంటే నాకింకా నవ్వొచ్చింది.

అప్పుడు పిల్ల నాన్న కర్ర అందుకుంది.

నవ్వులు ఆగిపోయాయి. అతను కళ్లు మూసుకుని తల దించాడు.

పిల్ల కర్రను అడ్డంగా చాపి, పొట్టేలును మెల్లగా గోడవైపు మళ్లించింది. అంతే.

"భయపడకు నాన్నా. గొర్లను కొట్టొద్దు, కర్ర అడ్డం పెడితే సాలు. కొడితే మల్ల దగ్గరికి రావు. నువ్వే సెప్పినవ్ గద!"

అతను గొంగడి కిందే వెక్కివెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. దాక్కోవడానికి బల్ల ఉందిగా.

చివరికి అమ్మమ్మే అడిగింది. "ఇగ దీన్ని యాడికి తోలుతవే?"

పిల్ల పొట్టేలు మీద గొంగడి సర్దింది. "నాన్న ఇంటికి ఇప్పుడే పోను. దీన్నే మన గరిడేపల్లికి తోలుకపోత. గాడ కొన్ని దినాలు సూస్త. మంచిగుంటె, అప్పుడు."

అమ్మమ్మ మూతి తిప్పింది కానీ కాదనలేదు. అతను ఏదో చెప్పబోయి, పొట్టేళ్లు మాట్లాడవని గుర్తొచ్చి ఆగాడు. ముక్కు తుడుచుకున్నాడు.

"మే," అన్నాడు.