గాలివానకి వచ్చిన హిందీ

ఆ రోజుల్లో మా కోడూరులో హిందీ వచ్చినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు అవనిగడ్డ నుంచి పొద్దున్నే బస్సులో వచ్చి ట్యూషన్ చెప్పి వెళ్ళిపోయే హిందీ మాస్టారు, రెండోదాన్ని నేను. మాస్టారికి నిజంగానే వచ్చు. నాకూ వచ్చని ఊరంతా అనుకునేది. అంతమంది అంత ప్రేమగా అనుకుంటుంటే కాదనడం మర్యాద కాదని నేనూ ఊరుకునేదాన్ని. హిందీ పరీక్షలు మెట్లు మెట్లుగా ఉంటాయి కదా, పదమూడేళ్ళు నిండేసరికి నేను మూడు మెట్లు ఎక్కేశాను. మూడింట్లోనూ ఫస్టు క్లాసే. ఆ సర్టిఫికెట్లకి మా నాన్న బందరులో ఫ్రేములు కట్టించి వరండాలో దేవుడి పటాల పక్కనే తగిలించాడు. (వినాయకుడికంటే నా మధ్యమ సర్టిఫికెట్టు జానెడు పైకి ఉందని అమ్మ గొడవపెడితే, మేకు అక్కడే దిగింది, నేనేం చెయ్యనన్నాడు.) నా ఫస్టు క్లాసుల వెనక ఉన్న విద్య ఏమిటంటే, ప్రశ్నలో మొదటి రెండు మాటలు చూసి అది గైడులో ఎన్నో ప్రశ్నో పోల్చుకోవడం, జవాబుని కామాలతో సహా దించేయడం. రైతు మీద వ్యాసం నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేదాన్ని. ఆ రైతు ఏం చేశాడో మాత్రం ఇప్పటికీ నాకు తెలీదు. నన్ను హిందీ పంతులమ్మని చెయ్యాలని నాన్న కోరిక. పొలంగట్టు మీద ఎవరు కనబడినా, ఇంకో నాలుగు పరీక్షలయితే మా అమ్మాయికి ఉద్యోగం ఖాయమండీ అని చెప్పేవాడు.

ఇలా రోజులు హాయిగా వెళ్ళిపోతుంటే డిష్ మావయ్య వచ్చిపడ్డాడు. మాకు చుట్టమేం కాదు, కేబుల్ కనెక్షన్లు ఇచ్చేవాడు కాబట్టి ఊళ్ళో పిల్లలందరికీ మావయ్యే. ఒక కార్తీకంలో పెద్ద గాలివాన కొట్టి ఆయన డాబా మీది డిష్ పక్కకి తిరిగిపోయింది. కరెంటు వచ్చాక టీవీ పెడితే, మేమెప్పుడూ చూడని ఛానలొకటి పడుతోంది. అందులో సాయంత్రం అయిదున్నరకి ఒక బొమ్మల సీరియల్. రెండు జడలు కాకుండా నడినెత్తిన ఒకే పిలక వేసుకున్న పిల్ల, చిన్న పడవ, పడవ నడిపే ముసలాయన, వాళ్ళ వెంటబడి ఊరూరూ తిరిగే ఒక పొడుగాటి గొడుగావిడ. కళ్ళు ఒక్కొక్కరికి చారెడేసి. ఇదేం భాష మావయ్యా అని అడిగితే, నిచ్చెన మీద నుంచే, తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు, ఇంకేముంటుంది, హిందీయే అన్నాడు. అంత తిరుగులేని లెక్క విన్నాక మళ్ళీ అడిగేవాళ్ళెవరు?

మా వీధిలో కలర్ టీవీ మాదే. మర్నాటినుంచి అయిదింటికల్లా తొమ్మిదిమంది పిల్లలు మా హాల్లో చాప మీద సర్దుకుని కూర్చునేవాళ్ళు. అందరికంటే ముందు మా పిన్ని కూతురు బుజ్జి. అదప్పుడు మూడో తరగతి, పక్కిల్లే వాళ్ళది. మొదటిరోజు పిలక పిల్ల ఏదో అనగానే బుజ్జి నా మోచేయి లాగి, ఏమంటోందక్కా అంది. తొమ్మిది జతల కళ్ళు నా వైపు తిరిగాయి. గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటున్న నాన్న కూడా చెంబు పట్టుకుని ఆగిపోయాడు. నాకు ఒక్కటంటే ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆదివారం వచ్చే హిందీ సీరియళ్ళలో అక్కడో మాటా ఇక్కడో మాటా కాలికి తగిలేది, ఇందులో అదీ లేదు. కానీ గోడమీద ఫ్రేములున్నాయే! వాళ్ళ నాన్న తుఫానులో తప్పిపోయాడంట, వెతకడానికి వెళ్తానంటోంది, అనేశాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే, నాకే నిజమేమో అనిపించింది.

ఇక చూస్కోండి. ఆ ముసలాయన పిలక పిల్లకి అమ్మవైపు తాత అయ్యాడు. గొడుగావిడ సవతితల్లి అయ్యింది, పిల్లలు ఆవిడకి గొడుగు రాక్షసి అని పేరు పెట్టారు. నీలం జుట్టుతో ఒక కుర్రాడు వస్తే మేనబావని చేశాను. వాళ్ళు నిమిషంసేపు మాట్లాడుకుంటే నేను మూడు నిమిషాలు చెప్పేదాన్ని, హిందీలో టూకీగా అంటారర్రా అని సర్దిచెప్పేదాన్ని. ఒకరోజు గొడుగు రాక్షసి వెక్కివెక్కి ఏడిచింది. నా కథ ప్రకారం ఆవిడ ఏడవకూడదు. ఏం చెయ్యను, కంట్లో ఇసక పడిందంట అన్నాను. అలా రెండేళ్ళు. తర్వాత ఇంకో గాలివానకి డిష్ మళ్ళీ తిరిగి, సీరియల్ ముగియకుండానే ఛానలు మాయమైపోయింది. పిల్లలు బిక్కమొహాలు వేసుకుంటే చూడలేక, టీవీ కట్టేసి, ఆఖరి భాగం నేనే చెప్పేశాను. హంసలదీవి దగ్గర ఏరు సముద్రంలో కలిసేచోట గొడుగు రాక్షసిని గొడుగుతో సహా ముంచేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. బుజ్జి లేచి గంతులేసింది.

బయటికి ఇంత వైభవంగా ఉన్నా, లోపల దిగులు నన్ను తినేసేది. మూడు ఫస్టు క్లాసులు వచ్చినదానికి చంటిపిల్లలు చూసే బొమ్మలే అర్థం కాకపోతే ఇక నా హిందీ ఏం హిందీ? పేర్లు పడేటప్పుడు వచ్చే అక్షరాలు కూడా నేను నేర్చుకున్నవాటిలా లేవు. (అవి నాలుగో పరీక్షలో నేర్పుతారు కాబోలు అనుకుని హడలిపోయాను.) ఉండబట్టలేక ఒకరోజు మాస్టారిని, హిందీవాళ్ళు గబగబా మాట్లాడితే అర్థం కావాలంటే ఏం చెయ్యాలండీ అని అడిగాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, వాళ్ళు మాట్లాడేది మనకి సిలబస్‌లో లేదమ్మా అన్నారు. దాంతో ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. నాలుగో పరీక్ష రాయడానికి నాన్న నన్ను బందరు తీసుకెళ్ళిన రోజున, బస్టాండులో దిగీదిగగానే కడుపు పట్టుకుని కూలబడ్డాను. నాన్న గాభరాపడి సోడా తాగించి, ఏమీ అడక్కుండా తిరుగు బస్సెక్కించాడు. పంతులమ్మ ఉద్యోగం అక్కడితో సరి. తర్వాత కామర్సు తీసుకున్నాను. హిందీ వినబడితే చాలు, ఛానలు మార్చేసేదాన్ని.

పన్నెండేళ్ళు గడిచాయి. నేను గుడివాడలో ఒక డీటీపీ సెంటర్లో శుభలేఖలు టైపు చేస్తూ ఉండేదాన్ని. బుజ్జి అక్కడే ఇంజనీరింగు చదువుతూ హాస్టల్లో ఉండేది. ఒక శనివారం అది రొప్పుతూ వచ్చి, నా కీబోర్డు మీద సీడీల కట్ట పడేసింది. హాస్టల్లో ఎవరి దగ్గరో దొరికిందట, మన పిలక పిల్ల సీరియల్ మొత్తం, ఆఖరి భాగంతో సహా. ఇలాంటివాటిని యానిమే అంటారక్కా, జపాన్‌వాళ్ళవి, పాతవాటికి ఇప్పుడు భలే గిరాకీ అంది. రేపు కోడూరు వెళ్ళి, అదే హాల్లో, అదే చాప మీద కూర్చుని చూద్దామంది. దాని దృష్టిలో నేను ఇంకా హిందీ వచ్చిన అక్కనే. రేపు ఆఖరి భాగంలో గొడుగావిడ మునక్కపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను? దారిపొడుగునా బస్సులో, కిటికీ పక్కన కూర్చుని ఒక్కటే ఆలోచన: సీడీలు గీతలు పడితే బాగుణ్ణు.

ఒక్క గీత కూడా లేదు. మొదటి పాట మొదలవగానే ఇద్దరం నోరు కలిపాం. ఒక్క ముక్క మర్చిపోలేదు. పాటయ్యాక పిలక పిల్ల అదే గొంతుతో అవే మాటలంది. కిందేమో ఇంగ్లీషు అక్షరాల్లో వాటి అర్థం. హమ్మయ్య, అదే హిందీ, అన్నాను. బుజ్జి నా వంక వింతగా చూసింది.

"ఇది హిందీ ఏంటక్కా? జపనీసు."

"మరి మనం చూసింది?"

"ఇదే."

నాకు బుర్ర పనిచెయ్యడం మానేసింది. హిందీ సీరియల్‌ని జపాన్‌వాళ్ళు డబ్బింగు చేసుకున్నారేమో అన్నాను. కాదంది. పాట మాత్రం హిందీ అయి ఉంటుందేమో అన్నాను. అదీ కాదంది. మరి రెండేళ్ళు నేను ఏ భాషలోంచి ఏ భాషలోకి చెప్పినట్టు? మా హిందీ మాస్టారికి కూడా రాని భాష నాకు రాలేదని బందరు బస్టాండులో కూలబడ్డానా? నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. రెండిట్లో ఏది ముందు పూర్తిచెయ్యాలో తెలీక నీళ్ళు తాగొస్తానని వంటింట్లోకి వెళ్ళి, తాగకుండా తిరిగొచ్చాను.

చూడ్డం మాత్రం ఆపలేదు. నిజం చెప్పొద్దూ, సీరియల్ మా జ్ఞాపకంలో ఉన్నంత గొప్పగా లేదు. సముద్రానికి మూడే అలలు, అవే మళ్ళీమళ్ళీ తిప్పుతారు. నీలం జుట్టు కుర్రాడు పరిగెత్తుతుంటే వెనక ఒకే ఇల్లు అయిదుసార్లు వెళ్తుంది. మాట్లాడేటప్పుడు పెదాలు తప్ప ఇంకేం కదలవు. (అప్పుడిది ఎలా కనబడలేదంటే బుజ్జి, నేను టీవీ చూళ్ళేదుగా అక్కా అంది, అదేమిటో నాకు వెంటనే అర్థం కాలేదు.) వానపడే రోజున రంగులు మాత్రం ఇప్పటికీ అద్భుతం, మా దివిసీమ మబ్బుని ఎవరో చూసి వేసినట్టే ఉంది. కథ దగ్గరికి వచ్చేసరికి నా పని అయిపోయింది. ముసలాయన తాతా కాదు, ఏమీ కాదు, దారిలో కలిసిన పడవవాడు. నీలం కుర్రాడు బావ కాదు, ఉత్తరాలిచ్చే మనిషి. నాన్న అసలు తప్పిపోనేలేదు, ఇంట్లోనే ఉన్నాడు, పాపం ఆయనకి రెండు సీన్లే. ఇక గొడుగు రాక్షసి, ఆ పిల్ల కన్నతల్లి. తల్లితో మాటా మాటా వచ్చి పిల్ల ఇల్లొదిలి వెళ్ళిపోతే, వానలో తడుస్తుందేమోనని గొడుగు పట్టుకుని ఊరూరూ వెతుకుతోంది. ఆఖరి భాగంలో ఇద్దరూ ఆ గొడుగు కింద ఇంటికి నడుచుకుంటూ వెళ్ళిపోయారు. బుజ్జి సీడీ బయటికి తీసింది. తర్వాత మెల్లిగా, వాళ్ళమ్మని చంపేశావు కదక్కా అంది.

అప్పుడే నాన్న పొలం నుంచి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. ఇక దాచడానికేముంది, అంతా చెప్పేశాను. అది హిందీ కాదని, నేను చెప్పినదంతా నా కల్పనేనని, బందరులో కడుపునొప్పి అబద్ధమని, మూడు ఫస్టు క్లాసులూ వట్టి బట్టీ అని. ఆయన్ని అన్నేళ్ళు పొలంగట్ల మీద అందరికీ చెప్పుకునేలా చేశానని కూడా. నాన్న తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"నువ్వు చెప్పేది హిందీయో కాదో నాకేం తెలుసమ్మా. నేను చూసింది హిందీని కాదుగా. ఇంట్లో టీవీ మోగుతుంటే తొమ్మిదిమంది పిల్లలు దానికి వీపు పెట్టి నీ వైపు తిరిగి కూర్చునేవాళ్ళు. అది చూశాకే నువ్వు పంతులమ్మవి అయి తీరతావని నమ్మాను."

మరి ఆ రోజు పరీక్ష ఎందుకు రాయవని ఒక్క మాటైనా అడగలేదేం నాన్నా అన్నాను. కడుపునొప్పన్నావు, కడుపునొప్పికి ఏం అడుగుతాం అన్నాడు. నిజంగా నావైపే తిరిగి కూర్చునేవాళ్ళా అన్నట్టు నేను బుజ్జి వైపు చూశాను. అది అవునన్నట్టు తలూపింది. ఒకరి దగ్గరేమో హిందీ రాదని దాచాను, ఇంకొకరి దగ్గరేమో కడుపునొప్పి లేదని దాచాను. వాళ్ళిద్దరికీ ఈ రెంటితోనూ పనే లేదు. ఇన్నేళ్ళూ నేను ఎవరికి భయపడ్డట్టో ఎంత ఆలోచించినా తేలలేదు.

బుజ్జి ఏమనుకుందో, మళ్ళీ మొదటి సీడీ పెట్టింది. ఇంగ్లీషు అక్షరాలు కనబడకుండా టీవీ అడుగున తువ్వాలు కట్టి, నా ఎదురుగా చాప మీద టీవీకి వీపు పెట్టి కూర్చుంది. నాన్న గుమ్మంలోంచే, ఆ ముసలాయన ఏమంటున్నాడమ్మా అని అడిగాడు. నేను గొంతు సవరించుకున్నాను. ఆయన తాత అని చెబుదామనుకున్నాను. తాతంటే మళ్ళీ సవతితల్లి రావాలి, తుఫానులో తప్పిపోయిన నాన్న రావాలి, ఎక్కడినుంచి ఎత్తుకోవాలి? ఇంతకుముందు చదివిన అక్షరాలు తువ్వాలు కిందనుంచి కూడా కనబడుతూనే ఉన్నాయి. రేపు వానొస్తుందంట, తాళ్ళు బిగించమంటున్నాడు, అని ఉన్నదున్నట్టు చెప్పాను. అంతేనా అన్నాడు నాన్న. అంతే నాన్నా అన్నాను. ఇద్దరూ ఇంకా నావైపే చూస్తున్నారు, నేను టీవీ వైపు చూస్తున్నాను. ఆ పదమూడేళ్ళ పిల్లకి వచ్చినంత హిందీ నాకు ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.