కుడితి గోలెంల చెయ్యి

తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు అని నాకు నేర్పనీకి మా కాలనీ ప్రెసిడెంటమ్మ ఇంటికొచ్చిన రోజు, నవ్వు ఆపుకోలేక చాయ్ పెట్టే వంకన వంటింట్లకు ఉరికిన. ఆమె చేతిల రెండు రంగుల కాగితం, భుజానికి గుడ్డసంచి, సంచి మీద భూగోళం బొమ్మ. "ఆకుపచ్చ డబ్బాలో కూరగాయ తొక్కలు వెయ్యాలండీ, నీలం డబ్బాలో కవర్లు," అని చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్తాంది. మా ఇంట్ల తొక్కలు డబ్బాల ఎందుకు పడ్తయి? ఇంటెనుక బర్రె ఉన్నది.

మా జాగ సంగతి ముందుగాల చెప్పాలె. తూంకుంట కాడ, కరీంనగర్ రోడ్డుకు లోపలికున్న గీ కాలనీ అంత ఒకప్పుడు మా మామ జొన్నచేను. మామ పోయినంక మా ఇంటాయన దాన్ని ప్లాట్లు జేసి అమ్మిండు. అమ్మకుండ మిగిలింది మూలకున్న ముక్క ఒక్కటే. అండ్ల మా ఇల్లు, ఇంటెనుక మా అత్త బర్రె కొట్టం. "బర్రెను అమ్ముతె దాని ఎంబడే నన్ను గూడ తోలెయ్" అని అత్త అన్నదాంతోని ఆ ముక్క బతికింది. మా ఇంటాయన సంగతి గూడ దాచుడెందుకు? ఆయన రాజకీయాలల్ల తిరుగుతడు. ప్రతి వానకాలం మొక్క నాటి ఫోటో దిగుతడు, కిందటేడు తవ్విన గుంతలనే. మొక్క సచ్చినా గుంత ఏటేటా పనికొస్తాంది.

ప్లాట్లల్ల ఇండ్లు లేసినయి. కొన్నోళ్లు శానమంది కోస్తా దిక్కు నుంచి వచ్చిన ఉద్యోగస్తులు. చెడ్డోళ్లు గాదు, పండుగకు పులిహోర పంపుతరు, ఎవలకన్న జరమొస్తె కార్ల దవఖానకు తీస్కపోతరు. గీ నడుమనే వాళ్లకు పర్యావరణం పట్టుకున్నది. వెదురు బ్రష్షు, రాగి సీసా, గిన్నెలు తోమే కొబ్బరి పీచు, అన్ని ఫోన్ల నొక్కి తెప్పిచ్చుకుంటరు. ప్రెసిడెంటమ్మ ఆఖరికి బూడిద గూడ కొన్నది. అట్టపెట్టె, దాని లోపల బుడగల ప్లాస్టిక్కు, దాని లోపల డబ్బా, డబ్బాల బూడిద. "పూర్తిగా నేచురల్ అండీ" అని మాకు సూపియ్యనీకి తెచ్చింది. మా అత్త పొయ్యి కాడ కూసొని ఆ డబ్బాను అటు ఇటు తిప్పి సూసి, "ఎవల్ని కాల్చిన్రంట?" అని అడిగింది.

నారింజ తొక్కలు బెల్లం నీళ్లల్ల మురగబెట్టి ఇల్లు తుడుసుడు, ఏసీ నీళ్లు పట్టి తులసికి పోసుడు, చినిగిన చీరెలతోని సంచులు కుట్టుడు, ఒక్కొక్క పనికి కాలనీ వాట్సాప్ గ్రూపుల పది ఫోటోలు. చేస్తె చెయ్యిన్రి, మంచిదే. నాకు మండేది పనిని సూసి గాదు. పని పుట్టకముందే ఫోటో పుడ్తది సూడు, దాన్ని సూసి మండేది. మాటలు కోటలు దాటుతయి, కాలు గడప దాటది.

కుడితి అంటె గిప్పటి పిల్లలకు తెల్వదు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తౌడు, కూరగాయ తొక్కలు, మిగిలిన అన్నం, అన్ని ఒక్క గోలెంల పడ్తయి, బర్రె తాగుతది. మాది పాత రాతి గోలెం. మా అత్త ఏ పూటా కుడితిని ఊరికె బర్రె ముంగట పెట్టది. కొంగు బొడ్లె చెక్కుకొని, మోచెయ్యి దాంక ముంచి, అడుగు నుంచి కలుపుతది. కలుపుడనే పేరే గని అది దేవులాడుడు. పిన్నీసు, రబ్బరు బ్యాండు, ఎంట్రుకల ఉండ, పాల ప్యాకెట్టు కోసిన మూల, ఏది దొరికితె అది ఏరి గోడ మీద పెడ్తది. "బర్రెకు చేతులు లెవ్వు, ఏరుకోదు" అంటది. చెయ్యి వాసనొస్తది గదా అత్తా అని నేను కొత్త కోడలిగ ఉన్నప్పుడు ఒకసారి అన్న. "కడుక్కుంటె పోతది. నీకు ముక్కున్నది, చెయ్యి లేదు" అన్నది. మల్ల ఎన్నడు అనలే.

పట్నం చెత్తంత కుప్పవోసే జవహర్‌నగర్ దిక్కు నుంచి గాలి మళ్లిన రోజు మా కాలనీల కిటికీలన్ని పడ్తయి. మన చెత్త అక్కడికి పోవద్దు, మన కాలనీ గేటే దాటొద్దు అని ప్రెసిడెంటమ్మ మీటింగు పెట్టింది. ఆమె కన్ను మా గోలెం మీద పడ్డది. కాలనీ తొక్కలన్ని మా అత్త బర్రెకు. నేను వద్దనే అన్న. అత్త మాత్రం మస్తు సంబురపడ్డది. ఇంతకుముందు ఆమెను పట్టిచ్చుకోని ఆడోళ్లు పొద్దుగాల్నే గిన్నెలు వట్టుకొని లైన్ల నిలవడ్తాంటె, ఆమె పీట మీద కూసొని తాసీల్దారు లెక్క ఒక్కొక్కదాన్ని ఆరా దీసేది. "ఏందమ్మా, సొరకాయకు గింత లావు చెక్కు తీస్తవా? తినేది నువ్వా, నా బర్రెనా?" వాళ్లు నవ్వేటోళ్లు. ఆమె నవ్వకపోయేది.

మల్ల కొన్నొద్దులకు కవర్లు వచ్చినయి. ఆకుపచ్చవి, మీద తెల్లటి ఆకు బొమ్మ. "ఇది ప్లాస్టిక్ కాదండీ మామ్మగారూ, మొక్కజొన్న పిండితో చేస్తారు, దానంతటదే కరిగిపోతుంది" అని ప్రెసిడెంటమ్మ. ముడి విప్పితె చేతికి అంటుతదని, ముడి ముడిగనే గోలెంల ఎయ్యబోయింది. అత్త ఆ చెయ్యి వట్టుకున్నది. "తొక్కలు నాకియ్యి, కవరు నువ్వు తీస్కపో" అన్నది. ఇగ అందరు మొకం పక్కకు తిప్పుకొని, రెండు వేళ్ల కొసతోని కవరు వట్టుకొని దులిపేటోళ్లు.

గప్పటికి బర్రె సూడిది. అత్త కాపురానికొచ్చిన ఏడు వాళ్ల బాపు తోలిచ్చిన బర్రె సంతతి అది, బిడ్డకు బిడ్డ, దానికి బిడ్డ. గిదొక్కటే మిగిలింది. ఈనినప్పుడల్ల దున్నపోతునే ఈనింది, ముసల్దైంది, ఇదే ఆఖరు సూడి అని పశువుల డాక్టరు చెప్పిండు. ఆడదుడ్డె పుడ్తె ఆ వంశం నిలవడ్తది, లేకుంటె కొట్టం ఖాళీ. అత్తకు దేవుని కాడ ఇంకో కోరిక లేకుండె. పుట్టేది ఆడదే అని నమ్మి, బర్రె గుంజ పక్కపొంటి దుడ్డెకు చిన్న గుంజ గూడ పాతిచ్చింది. "ఆలు లేదు, సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది అత్తా నీ కథ" అని నేను ఎక్కిరిస్తె, "సూలున్నది గదనే, కండ్లు కనవడ్తలెవ్వా?" అన్నది.

కండ్లు కనవడనిది నిజానికి ఆమెకే. రెండు కండ్లల్ల పొర. ఆపరేషన్ జేసినంక దుమ్ముల తిరగొద్దు, వంగొద్దు అని డాక్టరు చెప్పిండు. కొట్టం కండ్ల ముంగటుంటె ఆమె ఆగదని ఎరికె. అందుకే మచ్చ బొల్లారంల ఉన్న మా ఆడబిడ్డ ఇంటికి తీస్కపోయినం. ఆడబిడ్డ నౌకరికి పోతది, కండ్లల్ల మందు చుక్కలేసేటోళ్లు గావాలె గనక నేను గూడ ఆడనే ఉన్న. పోయేటప్పుడు అత్త కొడుకును నిలవెట్టి చెప్పింది. "గడ్డి ఎట్లనన్న ఎయ్యి. కుడితి మాత్రం చెయ్యి పెట్టి సూసినంకనే పెట్టు." ఆయన ఓట్లప్పుడు తలూపినట్టె ఊపిండు. మేము ఆటో ఎక్కినంక ప్రెసిడెంటమ్మకు ఫోన్ జేసి, కుడితి పని కాలనీకి అప్పజెప్పిండట. "మీరేం కంగారు పడకండి, మేం వంతులేసుకుని చూసుకుంటాం" అన్నదట ఆమె. వంతులైతె ఏసుకున్నరు. గ్రూపుల రోజొక ఫోటో వచ్చేది, రోజొకామె గోలెం పక్క నిలవడి బొటనేలు సూపుడు. అవ్విటిల ఏమున్నదో నేను అత్తకు చెప్పేదాన్ని. "చెయ్యి పెడ్తున్నరా?" అని అడిగేది. ఫోటోల అందరి చేతులకు తొడుగులు ఉండె. పెడ్తున్నట్టున్నరు అత్తా అన్న.

మేము తిరిగొచ్చేసరికి బర్రె నెమరేస్తలేదు. ఎడమ డొక్క ఉబ్బి బిర్రుగున్నది. అత్త నల్లద్దాలతోనే కొట్టంలకు పోయి, దాని డొక్క మీద చెయ్యేసి సూసి, పశువుల డాక్టరును పిలువుమన్నది. డాక్టరు వచ్చి సూసి, కోస్తె బతుకుతది, కడుపుల దుడ్డె సంగతి చెప్పలేను అన్నడు. కొట్టంలనే మత్తు సూదిచ్చి డొక్క కోసిండు. భుజం దాంక చెయ్యి లోపలికి పెట్టి తీసిండు. కవర్లు. ఒకదానికొకటి సుట్టుకొని, కొన్నిటికి ఏసిన ముడి ఏసినట్టె, లోపల తొక్కలు గూడ అట్లనే ఉన్నయి. ఆకుపచ్చవి, మీద తెల్లటి ఆకు. కుడితిల చెయ్యి పెట్టనీకి ఒక్కరికి మనసొప్పలే. మొక్కజొన్న పిండే గదా అని, విప్పుడు గూడ బరువై, ముడి ముడిగనే ఇసిరిన్రు.

బర్రె బతికింది. రెండో దినం పొద్దుగాల ఈసుకపోయింది. నెలలు నిండని దుడ్డె, సచ్చి పడ్డది. ఆడదే.

అత్త ఏడ్వలే. నాకైతె కోపమాగలే. మా ఇంటాయనను ఏమనాల్నో అన్ని అన్న, ఆయన "నేనేం కలగన్ననా" అని బండి తీసుకొని షామీర్‌పేట దిక్కు పోయిండు. సాయంత్రం ప్రెసిడెంటమ్మ వచ్చింది. చేతిల దానిమ్మ పండ్లు, దేంట్ల తెచ్చిందంటె, అదే ఆకు బొమ్మ కవర్ల. "చాలా బాధగా ఉంది మామ్మగారూ. కానీ అవి నిజంగా కరిగిపోయేవేనండీ. ఎలా జరిగిందో అర్థం కావట్లేదు" అని, మెల్లగ నా దిక్కు తిరిగి, "ఇది గ్రూపులో పెట్టకండి, అందరూ నిరుత్సాహపడతారు" అన్నది. దుడ్డె సచ్చింది మాకు, నిరుత్సాహం వాళ్లకు. నేను నోరు తెరిచేలోపల అత్త అడిగింది. "నీళ్లల్లున్నా కరుగుతయా బిడ్డా?"

"ఇంకా తొందరగా కరుగుతాయండీ."

"మంచిది" అన్నది అత్త. ఆమె పోయినంక, డాక్టరు తీసి మూలకేసిన కవర్లన్ని ఎత్తుకొచ్చి గోలెంల ఏసి, కుడితి నీళ్లు పోసి, మీద బండ కప్పింది. బర్రెకు బకిట్ల పెట్టుడు మొదలువెట్టింది. ఇదేం పని అత్తా అంటె, "సదువుకున్న పిల్ల, కరుగుతయంటున్నది. సూద్దాం" అన్నది. ఎక్కిరిచ్చినట్టు గూడ అనలే. నిజంగనే సూడాల్నని ఉన్నది ఆమెకు.

వానలు పోయి చలి వడ్డంక, పట్నంల ఎవరో కాలనీలకు పోటీ పెట్టిన్రు. చెత్తను గేటు దాటనియ్యని కాలనీకి బహుమతి. మా ప్రెసిడెంటమ్మ అందరికంటె ముందుగాల పేరిచ్చింది. ఎట్లిచ్చిందో ఆ దేవునికే ఎరుక. అప్పటికే తొక్కలన్ని మల్ల చెత్తబండి ఎక్కుతున్నయి. మా ఇంటికొచ్చి, "ఒక్క పూట బర్రెను కడిగి నిలబెట్టండి చాలు, గోలెం చూపిస్తాం" అని బతిలాడింది. నేను తలుపు ముయ్యబోయిన. అత్త లోపల్నుంచి "తోల్కరా బిడ్డా, సూపిద్దాం" అన్నది.

సూడనీకి ముగ్గురు వచ్చిన్రు, మెడల కార్డులు, ఒకాయన చేతిల కెమెరా. ప్రెసిడెంటమ్మ కొత్త చేనేత చీరె కట్టింది. కుడితి గురించి మా కంటె మంచిగ చెప్పింది, సంప్రదాయం అన్నది, పూర్వీకుల జ్ఞానం అన్నది. అత్త గోలెం మీది బండ జరిపింది. వాసన గుప్పుమన్నది. "నువ్వే కలుపు బిడ్డా. చెయ్యి పెట్టి, అడుగు నుంచి" అన్నది. కెమెరా ఆమె దిక్కే ఉన్నది. కుడితిల పడ్డ ఎలుక అంటరు గదా, ఆమె పడకముందే అట్లైంది. పెట్టకపోతె బహుమతి పోతది, పెడ్తె వాసన. ఇగ కండ్లు మూసుకొని, గాజులు పైకి జరుపుకొని, చెయ్యి పెట్టింది.

కవరు వచ్చింది. ఎనుకనే ఇంకోటి, దానికి సుట్టుకొని ఇంకోటి. నీళ్లు కారుతాంటె ఆకు బొమ్మలు తెల్లగ మెరిసినయి. "కరిగినయా బిడ్డా?" అని అత్త అడిగింది. "నాకింక కండ్లు సక్కగ ఆనుతలెవ్వు. నువ్వే సూసి చెప్పు."

ప్రెసిడెంటమ్మ మొకం పాలిపోయింది. నేను సూసిన, ఆమెకు అంతా అర్థమైంది. గాయింతసేపు నాకు ఆమె మీద జాలి గూడ వేసింది. గని కెమెరాయన గట్టిగ చప్పట్లు కొట్టిండు. "వెరీ గుడ్ మేడమ్, స్వయంగా చేత్తో ప్లాస్టిక్ ఏరుతున్నారు, ఇదే మాకు కావాల్సింది" అన్నడు. ఆమె ఒక్క రెప్పపాటు మా అత్త దిక్కు సూసింది. మల్ల కెమెరా దిక్కు తిరిగి, కవరును ఇంకొంచెం పైకెత్తి పట్టుకున్నది.

బహుమతి మా కాలనీకే వచ్చింది. ఇగ మా గోలెంల మా ఇంటి గంజి, మా ఇంటి తొక్కలు తప్ప ఏం పడ్తలెవ్వు. అయినా అత్త పొద్దుమాపు మోచెయ్యి దాంక ముంచి, అడుగంత దేవులాడినంకనే బర్రెను ఇడుస్తది. అది ఇగ సూడి కట్టదు.

బహుమతి బోర్డు ఇనుపరేకుది, పెద్దది, మీద ఆకు బొమ్మ. దాన్ని గోలెం కాడనే పెట్టాలన్నరట. మేము ఇంట్ల లేనప్పుడు ప్రెసిడెంటమ్మ మనుషులను పిలిపిచ్చి, దుడ్డె కోసం పాతిన గుంజకు మేకులతోని కొట్టిచ్చి పోయింది. అడిగితె, "ఖాళీగానే ఉంది కదండీ" అన్నది.