బేస్‌మెంట్‌లో ఆరిన బొగ్గు

జనవరి చలిలో లండన్ నుంచి ఎటోబికోకి సూట్‌కేసు నిండా బొగ్గు మోసుకెళ్ళినదాన్ని బహుశా నేనొక్కదాన్నే. ఇది ఇంగ్లండులో లండన్ కాదు, ఒంటారియోలోది. చదువుకోసం వచ్చిన మనవాళ్ళతో ప్రతి బేస్‌మెంటూ కిటకిటలాడుతున్న రోజులవి. నా వర్క్ పర్మిట్ మార్చితో అయిపోతుంది. టొరంటో అంచునున్న ఎటోబికోలో కబాబుల హోటల్ నడిపే ప్రసాద్ గారు, నేను చేసిన బొగ్గుబిళ్ళలు పనికొస్తే ఉద్యోగమిస్తానన్నారు. ఆయన జాబ్ ఆఫర్ ఇస్తే పర్మిట్‌కి మళ్ళీ అప్లై చేసుకోవచ్చు. లేకపోతే ఇంటిదారే.

ఉదయం ఏడింటికి బస్సు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే చవక. డ్రైవరు నా సూట్‌కేసును కింద సామాన్ల అరలో పడేశాడు. బయట ఎముకలు కొరికే చలి. నేను మాత్రం పైన వెచ్చగా కూర్చుని రూమ్మేట్ కట్టిచ్చిన పులిహోర తిన్నాను.

దారిలో హామిల్టన్‌లో ఒక తెలుగు పెద్దాయన ఎక్కి నా పక్కన కూర్చున్నారు. పేరు మూర్తి, స్టీలు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా రిటైరయ్యారట. బొగ్గు తీసుకెళ్తున్నానంటే నవ్వలేదు, ఎలా చేశావని అడిగారు. చెక్కపొట్టును గాలి తగలకుండా కాల్చి, మెత్తగా దంచి, గంజి కలిపి అచ్చులో నొక్కానని చెప్పాను. గంజి తక్కువైతే పొడైపోతుంది, ఎక్కువైతే పొగొస్తుంది. గట్టిగా నొక్కకపోతే భగ్గున మండి ఆరిపోతుంది. ఇదంతా నాకు కంఠతా వచ్చు.

"ఆరబెట్టిందెక్కడమ్మా?" అన్నారాయన.

"బేస్‌మెంట్‌లో అంకుల్, హీటర్ పక్కన."

ఆ ప్రశ్నతో నాకు భయం పట్టుకుంది. ప్రసాద్ గారికి ముందు శాంపిల్‌గా పంపినవి వేసవిలో పెరట్లో ఎండినవి. మా బేస్‌మెంట్‌లో ఆరుగురం ఉంటాం. అందరి బట్టలూ అక్కడే ఆరాలి, అన్నం అక్కడే ఉడకాలి. గోడలే చెమర్చే చోట బిళ్ళ పైన గట్టిగా తగిలితే చాలు, ఆరిపోయిందనుకున్నాను.

టొరంటోలో దిగి సబ్‌వే రైలు, ఆ తర్వాత సిటీ బస్సు పట్టుకుని మధ్యాహ్నానికి హోటల్ చేరాను. సూట్‌కేసు తెరిచి చూశాను. బిళ్ళల లోపలి తడి దారిలో గడ్డకట్టడంతో సగం బిళ్ళలు పగిలిపోయాయి. మిగిలినవి పొయ్యిలో వేశాం. చిటపటమన్నాయి, వంటగదంతా పొగ కమ్మింది. కళ్ళు మండుతున్నా విసురుతూనే ఉన్నాను. నిప్పు రాజుకున్నట్టే రాజుకుని చల్లబడిపోయింది.

ప్రసాద్ గారు తిట్టలేదు. ముందు భోజనం పెట్టించారు. బిర్యానీ బాగానే ఉన్నా సగం వదిలేశాను.

"వేసవిలో పంపినవి ఎంతసేపు కాలాయో నేను చూశాగా," అన్నారు. "ఎండలొచ్చాక చేసుకుని రామ్మా. ఉద్యోగం ఎక్కడికీ పోదు."

ఎండలు మే దాకా రావని, మార్చికే నా గడువు తీరిపోతుందని చెప్పాను.

"అప్పటిదాకా కాగితాల్లో నిన్ను ఏ పనికని చూపించనమ్మా?" అన్నారు.

మూడింటి బస్సెక్కాను. ఈ దారిన వచ్చేవాళ్ళు తిరుగు ప్రయాణంలో ఎడమవైపు కిటికీ పక్కన కూర్చోండి, హామిల్టన్ దగ్గర సరస్సు కనిపిస్తుంది. ఒడ్డున గడ్డకట్టిన ఆ నీళ్ళను చూస్తూ ఏడ్చాను. బొగ్గు ఎందుకు కాలలేదో నాకు తెలుసు. సరిచేయడమూ తెలుసు. దానికి ఒక్క వేసవి చాలు. ఈ దేశంలో నాకు ఇంకో వేసవి లేదు.