ఊరి జట్టులో సాయిబు మామ వాటా

మా ఊరికి ఒక బాల్ బ్యాడ్మింటన్ జట్టు ఉండేది. ఈ ‘ఉండేది’ అనే మాట వెనుక నా కృషి కొంత ఉంది.

గుంటూరులో బి.ఏ. పూర్తి చేసి నేను ఊరికి తిరిగి వచ్చినది యాభైల చివరి రోజుల్లో. ఊరు గురజాలకూ మాచవరానికీ మధ్య ఉంటుంది. ఉద్యోగం వచ్చేలోగా ఊరికి ఏదైనా మేలు చేద్దామనుకున్నాను. ఊరు అడ్డు చెప్పలేకపోయింది.

అప్పటికి ఆ జట్టుకు యజమాని అంటూ ఎవరూ లేరు. వాటాదార్లు ఉండేవారు. వాటా అంటే డబ్బు కాదు, పని. మిరపకాయలు ఆరబోసే కల్లం పక్కన కోర్టు. ఒక ఇంటివాళ్లు దాన్ని తడిపి రోలరు లాగేవారు, ఇంకొకరు చిరిగిన వల అల్లేవారు, పసుపు ఉన్ని బంతులు ఒకరు తెచ్చేవారు. బావి ఉన్న ఒక ముసలమ్మ కడవతో మంచినీళ్లు పెట్టేది. సైకిల్ షాపు సాయిబు సున్నంతో గీతలు గీసేవాడు. ఊళ్లో సగం మందికి ఆయన మామ, నాకూ మామే. రెండు మేకులు, ఒక నులకతాడు, ఒక సున్నం బాల్చీ పట్టుకుని వెనక్కి నడుస్తూ గీసేవాడు. ఆ గీత మీద స్కేలు పెట్టి చూసినా వంకర దొరికేది కాదు. దొరుకుతుందేమోనని నేను పెట్టి చూశాను.

ఈ పనికి ప్రతిఫలం ఒకటే. పోటీకి ముందురోజు సాయంత్రం ఆటగాళ్లంతా తమ బ్యాట్లను నేల మీద వరసగా పరిచి, సోడా కొట్టు దాకా వెళ్లి నిలబడాలి. వాటాదార్లు ఒక్కొక్కరే వచ్చి, తమకు నచ్చిన ఐదుగురి బ్యాట్ల ముందు ఐదు రాళ్లు పెట్టాలి. ఎక్కువ రాళ్లు పడ్డ ఐదుగురే మర్నాడు ఆడతారు. ముసలమ్మకు ఆట తెలియదు. ఎవడు మర్యాదగా నీళ్లడిగితే వాడికి రాయి పెట్టేది. ఆమె లెక్క పెద్దగా తప్పేది కాదు. సాయిబు మామ మాత్రం తన సొంత మేనల్లుడి బ్యాటు ముందు ఒక్కనాడూ రాయి పెట్టలేదు.

“వాడికి ఎడమ పక్కకొస్తే బంతి కనపడదు. మా అక్క ఏడిస్తే ఏడవనీ” అనేవాడు.

ఒకసారి చిలకలూరిపేటలో ఆడి ఓడిపోయాం. ఓడినందుకు నాకంత బాధ కలగలేదు. అక్కడ గ్రౌండు చుట్టూ గోడ ఉంది, కూర్చోవడానికి మెట్లున్నాయి, వాకిట్లో టికెట్లున్నాయి. ఆ రాత్రంతా బస్సులో నాకు ఆ గోడే కనపడింది. మనకూ ఒక గోడ, గ్యాలరీ ఉంటే టోర్నమెంటు పెట్టొచ్చు, టికెట్లతో ఖర్చు రాబట్టొచ్చు అని మర్నాడు ఊళ్లో చెప్పాను. నేను కాలేజీలో చదివింది ఎకనామిక్సు. కాబట్టి ఒక గోడకు ఎంతవుతుందో నాకు తెలియదు.

రాయికి మా ప్రాంతంలో కరువు లేదు. మాచర్ల వైపు నుంచి బళ్ల మీద నాపరాళ్లు వచ్చాయి. రాళ్లు అరువిచ్చిన ఆసామికి హామీ సంతకం నేనే చేశాను. నిలువెత్తు రాళ్లు పాతి గోడ పూర్తిచేశాక తెలిసిందేమిటంటే, బండి మీద నిలబడితే లోపల ఆట కనపడుతుంది. ఇంకో వరస రాయి ఎక్కించాం. మా వాళ్లు బండిలో గడ్డి వేసుకుని వచ్చి, దాని మీద నిలబడి చూసి, బాగా కనపడుతోందని నాకే చెప్పారు. మూడో వరస ఎక్కించాం. గోడ ఎత్తును ఇంజనీరు నిర్ణయించలేదు, గడ్డి మోపులు నిర్ణయించాయి. గ్యాలరీకి రెండు మెట్లు వేసేసరికి ఊరిచ్చిన చందాలు అయిపోయాయి. ఆసామి మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. మా నాన్న ఆయనకు మజ్జిగ ఇచ్చి, నా వంక చూసేవాడు.

అప్పుడు చిలకలూరిపేటలో పత్తి జిన్నింగ్ మిల్లున్న ఒక పెద్దమనిషి ముందుకొచ్చాడు. మిగిలిన బాకీ తనే తీరుస్తానన్నాడు. షరతు ఒకటే. ఇక జట్టును నూరు రూపాయలు ఇచ్చినవాళ్ల కమిటీ ఎంచుతుంది. రాళ్లు పెట్టడాలూ అవీ ఉండవు. ఊళ్లో నూరు రూపాయలు ఇవ్వగలవాళ్లు నలుగురు. ఆ నలుగురిలో ఎవరూ కోర్టు మీద ఒక చుక్క నీళ్లు చల్లినవాళ్లు కారు.

తీర్మానం రాసింది నేనే. చాలా బాగా రాశానని అప్పట్లో అనుకున్నాను. పని చేసే వాటాదార్లను ‘గౌరవ సభ్యులు’ చేశాను, వాళ్ల హక్కులు పోయే వాక్యాన్ని మూడో పేజీలో పెట్టాను. పెద్దమనిషి రాసివ్వమన్నదీ, వాటాదార్లందరి చేతా సంతకం పెట్టించమన్నదీ ఆ వాక్యమొక్కటే. మిషన్ స్కూలు వరండాలో ఒక ఆదివారం మధ్యాహ్నం, ప్రార్థన అయి జనం బయటికి వచ్చాక, వాళ్లను కూర్చోబెట్టి చదివాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి కొంచెం త్వరగా చదివాను.

అందరూ తలలూపారు. సాయిబు మామ ఒక్కడే అడిగాడు.

“అదంతా బానే ఉంది గానీ అల్లుడూ, పోటీ ముందు రాయి పెట్టేది ఉందా, లేదా?”

వరండా అంతా నా వంక చూసింది. లేదని చెబితే సంతకాలు పడవు. సంతకాలు పడకపోతే ఆసామి రేపు మళ్లీ మజ్జిగకు వస్తాడు.

“ఉంటది మామా. అది యాడికి పోద్ది” అన్నాను.

ఆయన నా మొహం వంక కాసేపు చూశాడు. “సరే ఇటియ్యి” అని కలం అందుకుని ఉర్దూలో సంతకం చేశాడు. ఆయన చేశాక మిగతావాళ్లూ చేశారు. ముసలమ్మ వేలిముద్ర వేసి, ఆ వేలు నా చొక్కాకు తుడిచింది.

టోర్నమెంటు ముందురోజు సాయంత్రం సాయిబు మామ గ్రౌండుకు వచ్చాడు. బ్యాట్లు పరిచి లేవు. పొద్దునే మిల్లు పెద్దమనిషి కారులోనే ఐదుగురి ఎంపిక అయిపోయింది. మా కెప్టెనైన మిషన్ స్కూలు డ్రిల్లు మేస్టరు ఆయనకు ఎదురు వెళ్లి చెప్పాడు.

“మామా, ఈసారికి పేర్లు పైనుంచి వచ్చినయ్యి.”

“ఎవురెవురు?”

మేస్టరు పేర్లు చెప్పాడు. పెద్దమనిషి బావమరిది ఒకడు అందులో ఉన్నాడు. ఎడమ పక్కకొస్తే బంతి కనపడని మేనల్లుడు కూడా ఉన్నాడు.

“మా వోడా?” అన్నాడు మామ. “అయితే ఓడిపోతారు” అని, సున్నం ఎక్కడ పెట్టారని అడిగాడు.

మర్నాడు తెల్లవారకముందే వచ్చి గీతలు గీసి వెళ్లాడు. ఎప్పటిలాగే అద్దం మీద గీసినట్టున్నాయి. మధ్యాహ్నం మూడింటికి వాకిలి తెరిచారు. టికెట్ల బల్ల దగ్గర నేను కూర్చున్నాను, పక్కన మిల్లు మనిషి ఒకడు నిలబడ్డాడు. గౌరవ సభ్యులకు టికెట్ అక్కర్లేదని నా తీర్మానంలో లేదు. ఆ మాట రాయడం నాకు తట్టలేదు.

వరసలో సాయిబు మామ వచ్చాడు. షాపు మూసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. గోళ్ల సందుల్లో పొద్దుటి సున్నం అలాగే ఉంది.

“ఒక టికెట్ ఇయ్యి అల్లుడూ” అని పావలా బల్ల మీద పెట్టాడు.

మిల్లు మనిషి చూస్తున్నాడు. వెనక వరస పెద్దదిగా ఉంది. ఈ రెండు కారణాలనూ ఇన్నేళ్లుగా నేను చాలాసార్లు తూచి చూశాను. రెండూ కలిపినా పావలా బరువు తూగవు. నేను టికెట్ చింపి ఇచ్చాను, పావలా డబ్బాలో వేశాను. ఆయన లోపలికి వెళ్లి, ఎప్పుడూ కూర్చునే వల పక్కకు కాకుండా, పావలా వాళ్ల వైపు మెట్టు మీద కూర్చున్నాడు.

ఓడిపోయాం. ఆయన చెప్పినట్టే, ఎడమ పక్క నుంచే ఓడిపోయాం.

ఆ తర్వాత కథ చిన్నది. టికెట్ల డబ్బు గోడకు సున్నం వేయడానికి కూడా చాలలేదు. మరుసటి ఏడు పెద్దమనిషి జట్టును మిల్లు పేరు మీద చిలకలూరిపేటకు తీసుకుపోయాడు. డ్రిల్లు మేస్టరుకూ, ఇంకో ఇద్దరికీ మిల్లులో గుమాస్తా పనులిచ్చాడు. వాళ్ల సంసారాలు బాగుపడ్డాయి, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. ఊరికి మాత్రం గోడ మిగిలింది. లోపల మిరపకాయలు ఆరబోస్తే దొంగల భయం లేదని రైతులు నన్ను మెచ్చుకున్నారు.

నాకు నరసరావుపేటలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఊరు విడిచే ముందు సైకిల్ షాపుకు వెళ్లాను. దారిలో రెండు వాక్యాలు తయారు చేసుకున్నాను. మామ ట్యూబును నీళ్ల తొట్లో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు.

“ఏంది అల్లుడూ, ఉద్యోగమంట గదా. ఇంకేం గోడలు కడతావు?”

“మామా, ఆ రోజు స్కూలు వరండాలో నీకు అబద్ధం చెప్పాను. రాయి పెట్టేది ఉండదని నాకు అప్పుడే తెలుసు.”

“నాకూ తెలుసులే” అన్నాడు తల ఎత్తకుండా. “నీ మొహమే చెప్పింది. నువ్వు అబద్ధాలకు చానా కొత్త.”

“తెలిసి సంతకం ఎందుకు పెట్టావు?”

“పెట్టకపోతే? నేను కాదంటే ఆడ ఒక్కడూ పెట్టేవోడు కాదు. రాళ్లోడికి హామీ ఉన్నది నువ్వు. మీ నాయన రెండెకరాలు పొయ్యేయి.” బుడగ వచ్చిన చోట వేలు పెట్టి, ట్యూబు బయటికి తీశాడు. “జట్టుదేముంది, మళ్లీ కట్టుకోవచ్చనుకున్నా. కట్టలేకపోయా. పిల్లోళ్లకు ఆ ధ్యాసే పోయింది. అది నా తప్పే అల్లుడూ, నీది కాదు.”

కాదు మామా, అది కూడా నాదే అనాలి. వాక్యం చిన్నదే, తయారు చేసుకోవలసిన పని కూడా లేదు. నేను అనలేదు. ఆ తప్పులో ఆయనకూ ఒక వాటా ఉందని ఆయనే ఒప్పుకుంటుంటే, గుండె మీద నుంచి ఏదో కాస్త దిగినట్టయి, హాయిగా అనిపించింది.

“వస్తా మామా” అన్నాను.

“మంచిది” అన్నాడు ఆయన, అరగదీసే రాయి కోసం వెతుక్కుంటూ.

అబద్ధం చెప్పినందుకు ఆయన నన్ను ఎప్పుడో క్షమించి వదిలేశాడు. పావలా సంగతి ఎత్తనే లేదు. షాపు నుంచి బస్సు దాకా నడిచినంత సేపూ ఉన్న ఆ హాయిని మాత్రం నేనెవరికీ చెప్పుకోలేకపోయాను.